సిరొంచ ప్రశ్న, నాగ్‌పుర్ సభ

హోస్ట్: మాస్టారూ, మన మహారాష్ట్రకు ముంబయిలో విధాన భవనం ఉండగా శాసనసభ శీతాకాల సమావేశాలు నాగ్‌పుర్‌లో ఎందుకు జరుపుతారు?

మాస్టారు: అది పట్టుబట్టి రాయించుకున్న మాట అమ్మా. 1956 దాకా నాగ్‌పుర్ పాత మధ్యప్రదేశ్‌కు రాజధాని. మరాఠీ రాష్ట్రంలో కలవమంటే నాగ్‌పుర్ చుట్టుపక్కల ప్రాంతమైన విదర్భవాళ్లు ఊరికే తలూపలేదు. ఏటా ఒక్క సమావేశమైనా అక్కడ జరపాలన్నది 1953 నాటి నాగ్‌పుర్ ఒప్పందంలోని మాట. కరోనా వల్ల 2020, 2021లో తప్పిపోయింది.

హోస్ట్: తెలంగాణ సరిహద్దున ఉన్న మన సిరొంచ తరఫున అక్కడ లేచినవారు తెలుగులో మాట్లాడవచ్చా?

మాస్టారు: సభలో మరాఠీ, హిందీ, ఇంగ్లిషు చెల్లుతాయి. వాటిలో దేనిలోనూ సరిగా చెప్పుకోలేని సభ్యుడికి మాతృభాషలో మాట్లాడేందుకు స్పీకర్ అనుమతించవచ్చని రాజ్యాంగం 210వ అధికరణం చెబుతోంది. మరాఠీ వచ్చినవారికి ఆ వెసులుబాటు లేదు. ఓటు తెలుగులో అడగవచ్చు, సభలో మాత్రం మరాఠీయే! (నవ్వు)

హోస్ట్: 288 మందిలో గడ్చిరోలి జిల్లాకు ముగ్గురే ఎమ్మెల్యేలు. మనది అహేరి సీటు. ఆ ఒక్కరి మాట ఎవరు వింటారు?

మాస్టారు: ఉపన్యాసమైతే ఎవరూ వినరు. ప్రశ్న వేస్తే మంత్రికి తప్పదు. గోదావరి మీద తెలంగాణ కట్టిన మేడిగడ్డ బ్యారేజీనే తీసుకో. 100 మీటర్ల నీటిమట్టానికి 2016లో రెండు రాష్ట్రాలూ ఒప్పందం చేసుకున్నాయి. 2019లో బ్యారేజీ ప్రారంభమైంది. మన ఒడ్డున పొలాలు మునుగుతున్నాయని రైతులు ఎన్నాళ్లుగానో మొరపెట్టుకుంటున్నారు. దీని మీద నక్షత్ర గుర్తు ప్రశ్న వస్తే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. ఆ వెంటనే అనుబంధ ప్రశ్నలు మొదలవుతాయి. సర్వే ఎప్పుడు చేశారు? ఎంత భూమి మునిగింది? పరిహారం ఎక్కడ ఆగింది? వేరే పార్టీల సభ్యులూ అందుకోవచ్చు. నక్షత్రం లేని ప్రశ్నకు జవాబు కాగితం మీద వస్తుంది, ఎదురు అడగడానికి ఉండదు. అత్యవసరమైతే లక్షవేధి సూచన ఉంది, అంటే మంత్రి దృష్టిని ఆ విషయం మీదికి తిప్పే నోటీసు.

హోస్ట్: మంత్రి ‘పరిశీలిస్తాం’ అని కూర్చుంటే?

మాస్టారు: మంత్రులకు బాగా ఇష్టమైన మాట అది. కానీ ‘మార్చిలోగా ఇస్తాం’ అన్నారనుకో, అది రికార్డుకెక్కిన హామీ. శాసనసభలో హామీల కమిటీ అని ఒకటి ఉంటుంది. సభలో ఇచ్చిన మాట ఏమైందని అధికారులను పిలిచి అడగడమే దాని పని. టీవీలో కనిపించదు కాబట్టి ఎవరికీ పట్టదు. నేనైతే ఎమ్మెల్యేని అరుపులతో కొలవను, మంత్రి నోట తేదీ రాబట్టారా అని చూస్తాను.

హోస్ట్: గేట్లు ఎత్తమని సభ తీర్మానం చేస్తే సరిపోదా?

మాస్టారు: గేట్లు తెలంగాణ చేతిలో ఉన్నాయి కదా! వాళ్ల ప్రభుత్వాన్ని మన సభ ఆదేశించలేదు. మన ప్రభుత్వాన్ని నిలదీయగలదు, పరిహారానికి బడ్జెట్‌లో డబ్బు పెట్టమని ఒత్తిడి తేగలదు.

హోస్ట్: మరి విధాన పరిషత్, అదే శాసనమండలి, ఎందుకు? ఒడిశా ఒక్క సభతోనే నడుస్తోందిగా.

మాస్టారు: నా ముందే ఆ మాట అంటావా! హైస్కూలు మాస్టారుగా ఉన్నన్నాళ్లూ నాకు అక్కడ కూడా ఓటు ఉండేది. 78 మందిలో ఏడుగురిని ఉపాధ్యాయులు, ఏడుగురిని పట్టభద్రులు ఎన్నుకుంటారు. అధికారం తక్కువే, నిజం. ద్రవ్య బిల్లును 14 రోజులకు మించి ఆపలేదు. మామూలు బిల్లును మూడు నెలలు ఆపుతుంది, విధానసభ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకో నెల, అంతే. కానీ ప్రశ్నలు అక్కడ కూడా వేయవచ్చు. మన ఎమ్మెల్యే అడగని ప్రశ్నను నాగ్‌పుర్ ఉపాధ్యాయ స్థానం సభ్యుడు అడగవచ్చు. సిరొంచ ఆయన పరిధిలోనిదే. ఆ తలుపు మనవాళ్లు తట్టరు.

హోస్ట్: తట్టాలంటే ఏమి పట్టుకెళ్లాలి?

మాస్టారు: ప్రశ్నకు నోటీసు వారాల ముందే ఇవ్వాలి. అందుకని సర్వే నంబరు, పొలం మునిగిన తేదీ, తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి) పంచనామా నకలు దసరా నాటికే వాళ్ల ఆఫీసులో ఉండాలి. ఇచ్చినట్టు ముద్ర వేయించుకుని ఇంకో నకలు ఇంట్లో దాచుకోండి.