ఏ డంపర్ ఎటు వెళ్లాలి?

శ్రోతలకు నమస్కారం.

పశ్చిమ ఆస్ట్రేలియాలో కాల్‌గూర్లీ అనే ఊరుంది. 1893లో ప్యాడీ హానన్, అతని ఇద్దరు సహచరులు అక్కడ బంగారం కనిపెట్టారు. దేశం నలుమూలల నుంచి జనం ఎగబడ్డారు. తవ్వకాల్లో పసుపుగా మెరిసే రాయి ఒకటి తగులుతుండేది. బంగారం కాదులే, చూపులకే ఆ మెరుపు అనుకుని పక్కన పారేశారు. కట్టడాలకు వాడారు, వీధుల్లో గుంతలు పూడ్చారు. 1896లో తేలింది, అందులో ఉన్నది టెల్యూరియంతో కలిసిపోయిన బంగారమని! అప్పుడు జనం వీధుల్నే తవ్వుకున్నారని అక్కడ నేటికీ చెప్పుకుంటారు.

ఇప్పుడు అదే ఊరి పక్కన సూపర్ పిట్ అనే ఓపెన్ పిట్ గని, అంటే పైనుంచి గుంతలా తవ్వుకుంటూ పోయే గని ఉంది. పొడవు సుమారు మూడున్నర కిలోమీటర్లు, లోతు 600 మీటర్ల పైమాటే. యంత్రాలు మారాయి గానీ, ఏది ఖనిజం, ఏది ఉత్త రాయి అన్న ప్రశ్న మాత్రం రోజూ ఎదురవుతూనే ఉంది.

చిన్న లెక్క చూద్దాం. టన్ను రాయిలో 2 గ్రాముల బంగారం ఉందనుకోండి. టన్నుకు ఎన్ని గ్రాములన్న ఈ లెక్కనే గ్రేడు అంటారు. ఓపెన్ పిట్ గనికి అది తీసిపారేసే గ్రేడేమీ కాదు. మన కాసు 8 గ్రాములు కదా, అంటే ఒక్క కాసు కోసం 4 టన్నుల రాయి నూరాలి. సూపర్ పిట్‌లో తిరిగే పెద్ద డంపర్ 225 టన్నుల దాకా మోస్తుంది. అందులో ఉండేది 450 గ్రాములు, సుమారు 56 కాసులు. డ్రైవర్ పొరపాటున ఆ లోడును వ్యర్థాల గుట్ట మీద కుమ్మరిస్తే 56 కాసులు మట్టిపాలు. తిరగేసి చూడండి. ఉత్త రాయి బంగారం తీసే ప్లాంటుకు వెళ్తే దాన్నీ పిండి చేయాలి, దానికీ కరెంటు కాలాలి, బంగారాన్ని కరిగించే సైనైడ్ ద్రావణం పట్టాలి, చివరికి ఆ బురదకు టెయిలింగ్ చెరువులో, అంటే ప్లాంటు వ్యర్థాలు నిలవ చేసే చెరువులో చోటు చూపించాలి. ఇంతా చేసి దక్కేది సున్నా.

మన సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో ఈ ఇబ్బంది ఇంతగా ఉండదు. బొగ్గు నల్లగా ఉంటుంది, పైన ఓబీ (బొగ్గును కప్పి ఉన్న మట్టి, రాయి) వేరే రంగు. ఆపరేటర్ కంటితోనే చాలావరకు పోల్చుకుంటాడు. బంగారు గనిలో ఖనిజమూ, పక్కనున్న వ్యర్థమూ చాలాచోట్ల ఒకే రంగు రాయి. వాటి మధ్య గీత ల్యాబ్ రిపోర్టులోనే తెలుస్తుంది.

అందుకే తవ్వకానికి ముందు దగ్గర దగ్గరగా డ్రిల్లు వేసి శాంపిళ్లు తీస్తారు. ఆ పొడిని సీసపు సమ్మేళనంతో కలిపి కొలిమిలో కరిగించి, బంగారం ఎంతుందో తూస్తారు. ఇందులో ఒక చిక్కుంది. బంగారం రేణువులు పెద్దవైతే, ఒకే రంధ్రం నుంచి తీసిన రెండు శాంపిళ్లు రెండు రకాల జవాబులు చెప్తాయి. కాబట్టి ఒక్క అంకెను నమ్ముకోకుండా చుట్టుపక్కల అంకెలన్నీ కలిపి మ్యాపు గీస్తారు. ఆ మ్యాపు ప్రకారం ఖనిజానికీ, వ్యర్థానికీ మధ్య గీతలా నేల మీద రంగు టేపులు కడతారు.

ఆ తర్వాత బ్లాస్టింగ్. నా దృష్టిలో అసలు గడబిడంతా ఇక్కడే. మందు పేలగానే రాయి పగలడమే కాదు, కదులుతుంది కూడా. ఒక్కోసారి కొన్ని మీటర్లు జరుగుతుంది, అదీ అన్నిచోట్లా ఒకేలా కాదు. నిన్న కట్టిన గీత ప్రకారమే ఇవాళ తవ్వితే ఒక అంచున ఖనిజం పోగొట్టుకుంటాం, రెండో అంచున చెత్త ఎత్తుకుంటాం. దీనికి ఆస్ట్రేలియాలోనే ఒక ఉపాయం కనిపెట్టారు. సిగ్నల్ పంపే చిన్న పరికరాలను ముందే రంధ్రాల్లో దించుతారు. పేల్చాక అవి ఎక్కడ తేలాయో డిటెక్టర్‌తో వెతికి, గీతలు మళ్లీ గీస్తారు. పేలుడు వరసను మార్చి, రాయి ఖనిజపు చారకు (రాతిలో బంగారమున్న పట్టీకి) అడ్డంగా కాకుండా చార వెంట జరిగేలా కూడా చూస్తారు.

తవ్వడంలోనూ నిదానం కావాలి. 10 మీటర్ల బెంచిని, అంటే గని గోడలోని ఒక్కో మెట్టును, ఒకేసారి కాకుండా రెండున్నర మీటర్ల పొరలుగా తీస్తారు. పెద్ద షవల్ బదులు చిన్న బకెట్ ఉన్న ఎక్స్‌కవేటర్ పెడతారు. బకెట్ ఎంత చిన్నదైతే గీత దగ్గర అంత జాగ్రత్తగా తీయొచ్చు. కానీ టన్నుకయ్యే ఖర్చు పెరుగుతుంది. ఖనిజపు చారలు వెడల్పుగా ఉన్నచోట ఇంత శ్రమ దండగ, సన్నగా ఉన్నచోటే గిట్టుబాటు. షిఫ్టుకు ఎన్ని టన్నులు ఎత్తావని మాత్రమే ఆపరేటర్‌ను అడిగితే అతను గీత చూసుకుంటాడా? అలాంటి చోట గీత ఎక్కడుందో చూపించే జీపీఎస్ పెట్టినా పెద్దగా ఫలితం ఉండదు.

ఇంత చేస్తే గని గుంత చిన్నదవుతుందని మాత్రం అనుకోకండి. గోడలు కూలకుండా వాలుగా తీయాలంటే వ్యర్థ రాయిని ఎలాగూ తవ్వి పోయాల్సిందే. ప్లాంటుకు అనవసరంగా వెళ్లే రాయి తగ్గుతుంది, టెయిలింగ్ చెరువు నిదానంగా నిండుతుంది. కర్నూలు జిల్లా జొన్నగిరిలో పెట్టిన ఓపెన్ పిట్ గనికైనా లెక్క ఇదే.

ఖనిజానికీ, వ్యర్థానికీ మధ్యన మూడో రకం ఒకటుంది. ఇవాళ్టి ధరకు గిట్టుబాటు కాని, కొద్దిపాటి బంగారం ఉన్న రాయి. కాల్‌గూర్లీలో దాన్ని విడిగా గుట్టలు పోశారు. ధర పెరిగితే, ప్లాంటులో చోటుంటే ఆ రాయీ ఖనిజమే. వ్యర్థంతో కలిపి పోసేస్తే మాత్రం, ధర ఎంత పెరిగినా మళ్లీ విడదీయడం దాదాపు అయ్యే పని కాదు.