మూడో కిస్తీ తప్పకముందే: ఎడ్యుకేషన్ లోన్లపై ఫోన్-ఇన్

యాంకర్: శ్రోతలందరికీ నమస్కారం. పోయిన వారం విత్తనాల గురించి మాట్లాడుకున్నాం కదా, కార్యక్రమం అయిపోయాక ఒకాయన ఫోన్ చేసి, "పంట సంగతి సరే, మావాడి చదువుకి తెచ్చిన అప్పు గురించి ఎవర్ని అడగాలి?" అన్నారు. అందుకే ఈ రోజు చదువు అప్పులు. కిస్తీలు కట్టలేకపోతే ఏమవుతుంది, ఏం చేయాలి? జవాబులు చెప్పడానికి వచ్చిన మేడం బ్యాంకులో 31 ఏళ్ళు పనిచేశారు. ఆఖరి ఆరేళ్ళు మొండి బాకీల వసూళ్ళు చూసి రిటైరయ్యారు. నమస్కారం మేడం.

మేడం: నమస్కారమండీ. వసూళ్ళకి తిరిగిన మనిషిని నేను. ఎన్నో ఇళ్ళ గుమ్మాల్లో నిలబడ్డాను. తలుపు తీసి మాట్లాడిన వాళ్ళకి ఏదో ఒక దారి దొరికింది. మేం వస్తున్నామని తెలిసి పొలానికి వెళ్ళిపోయిన వాళ్ళ ఫైళ్ళే కోర్టుకి వెళ్ళాయి. ఆ సంగతి చెప్పాలనే వచ్చాను.

యాంకర్: మొదటి కాలర్ తెనాలి నుంచి. చెప్పండి.

కాలర్ 1: నమస్తే మేడం. 2024లో బీటెక్ అయిపోయింది. 6 లక్షల లోను. హైదరాబాద్‌లో చిన్న కంపెనీలో చేస్తున్నా, జీతం 22 వేలు. నెలకి 13 వేల పైనే కిస్తీ. కొన్ని నెలలు కట్టా. తర్వాత రెండు కిస్తీలు తప్పాయి. రికవరీ వాళ్ళు రాత్రి తొమ్మిదిన్నరకి నాన్నకి ఫోన్ చేసి, పోలీసులు ఇంటికొస్తారన్నారంట. అప్పట్నుంచి నాన్నకి నిద్ర లేదు.

మేడం: బాబూ, ముందు నాన్నగారికి ఈ మాట చెప్పు. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, దానికి పోలీసులు రారు. అది సివిల్ తగాదా. బ్యాంకు వేస్తే కోర్టులో దావా వేస్తుంది, అంతే. కాకపోతే ఒక జాగ్రత్త ఉంది. నీ ఖాతాలోంచి ఆటోమేటిగ్గా కిస్తీ తీసుకునే ఏర్పాటు ఉందా?

కాలర్ 1: ఉంది మేడం. రెండుసార్లు బౌన్స్ అయింది.

మేడం: దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చెక్కు బౌన్సయితే కేసు వేసినట్టే, డబ్బు లేక ఈ ఆటో డెబిట్ తిరిగొచ్చినా 2007 నాటి పేమెంట్ చట్టం 25వ సెక్షన్ కింద కేసు వేసే వీలుంది. దానికి ముందు నోటీసు పంపాలి, కట్టుకోవడానికి 15 రోజులు ఇవ్వాలి. అలాంటి నోటీసు వస్తే మాత్రం పక్కన పడెయ్యొద్దు. ఇక రాత్రి ఫోన్లంటావా, ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత రికవరీ ఏజెంట్లు ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో స్పష్టంగా చెప్పింది. బెదిరించకూడదు, చుట్టాలకీ స్నేహితులకీ చెప్పి పరువు తీయకూడదు. నాన్నగారి ఫోన్లో ఆ కాల్ వచ్చిన టైము స్క్రీన్‌షాట్ తీయించు. బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, నంబరు 14448.

కాలర్ 1: మరి కిస్తీ ఏం చేయను మేడం? జీతంలో సగం పైగా దానికే పోతోంది.

మేడం: అసలు సంగతి అదే. రెండు తప్పాయన్నావు. మొదట తప్పిన కిస్తీ తేదీ దాటి ఎన్ని రోజులైంది?

కాలర్ 1: మొదటిది తప్పి 52 రోజులు.

మేడం: అయితే నీకు ఇంకా 38 రోజులున్నాయి. 90 రోజులు దాటితే నీ ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఆ గీత దాటాక ఒక కిస్తీ కట్టి బయటపడటం కుదరదు. తప్పిన కిస్తీలన్నీ, వడ్డీతో సహా, ఒక్క పైసా మిగల్చకుండా కడితేనే ఖాతా మళ్ళీ మామూలవుతుంది. కాబట్టి ఈ వారంలోనే లీవు పెట్టి తెనాలి బ్రాంచికి వెళ్ళు. మూడు నెలల జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకెళ్ళు. కాలపరిమితి పెంచమని అర్జీ రాసివ్వు, దాని కాపీ మీద స్టాంపు వేయించుకో.

నీ లెక్కే వేసి చూద్దాం. ఏడాదికి లక్షన్నర చొప్పున నాలుగేళ్ళలో 6 లక్షలు తీసుకున్నావనుకో. వడ్డీ 10 శాతం అనుకో. చదువుతున్నన్నాళ్ళూ, ఆ తర్వాత ఏడాదీ కట్టక్కర్లేదని నువ్వు కట్టలేదు. కానీ వడ్డీ ఆగదుగా. ఆ ఐదేళ్ళలో 2 లక్షల 10 వేలు పెరిగింది. అదీ అసల్లో కలిసింది. ఇప్పుడు నీ అప్పు 8 లక్షల 10 వేలు. ఏడేళ్ళలో కట్టాలంటే నెలకి దాదాపు 13,450. అదే 15 ఏళ్ళకి మారిస్తే దాదాపు 8,700.

కాలర్ 1: 8,700 అయితే కట్టగలను మేడం.

మేడం: కట్టగలవు, కానీ పూర్తిగా విను. ఏడేళ్ళయితే మొత్తం 11 లక్షల 30 వేలు కడతావు. 15 ఏళ్ళకి 15 లక్షల 67 వేలు అవుతుంది. అందుకే జీతం పెరిగినప్పుడల్లా అదనంగా అసల్లోకి కట్టు. కాలం పెంచడం మేనేజరు ఇష్టం, ఒప్పుకుంటే నీ రికార్డులో రీస్ట్రక్చర్, అంటే షరతులు మార్చిన అప్పు అని పడొచ్చు. ఎన్‌పీఏ కన్నా అది వెయ్యి రెట్లు నయం. ఇంకోటి, నువ్వు చేరినప్పుడు ఇంటి ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపేనా?

కాలర్ 1: నాన్నది టైలరింగ్ మేడం. లోపే.

మేడం: మరి కేంద్రం వడ్డీ రాయితీ పడిందా? నాలుగున్నర లక్షల లోపు కుటుంబాలకి, ఇక్కడ ప్రొఫెషనల్ కోర్సు చదివితే, ఆ కిస్తీలు లేని కాలం వడ్డీ ప్రభుత్వమే ఇచ్చే పథకం 2009 నుంచి ఉంది. కాలేజీల నాణ్యత చూసే న్యాక్ గానీ, కోర్సుల నాణ్యత చూసే ఎన్‌బీఏ గానీ గుర్తింపు ఇచ్చి ఉండాలి. ఆదాయ ధ్రువపత్రం ఇవ్వలేదనో, క్లెయిము పంపలేదనో ఎంతోమందికి ఆగిపోయింది. లోను స్టేట్‌మెంటు మొదట్నుంచీ తీయించి, ఆ రాయితీ జమ అయిందా అని ఒక్కో పేజీ చూడు. జమ కాకపోతే ఎందుకు కాలేదో రాసివ్వమను. నీ విషయంలో అది 2 లక్షల సంగతి.

యాంకర్: నిజామాబాద్ నుంచి టీచర్ ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్ 2: నమస్కారమండీ. మా తమ్ముడి కొడుకు చదువుకి 2014లో హామీ సంతకం పెట్టిన. పిల్లగాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తుండు, కడ్తలేడు. నేను ఇంటి లోనుకి పోతే మీ సిబిల్, అదే అప్పుల రికార్డు, బాగలేదన్నరు. నేను రూపాయి కూడా తీసుకోలేదు కదా మేడం?

మేడం: అప్పట్లో 4 లక్షలు దాటి ఏడున్నర లక్షల దాకా లోనుకి మూడో మనిషి హామీ అడిగేవాళ్ళం. సంతకం పెట్టేవాళ్ళు, "ఉత్త ఫార్మాలిటీయే కదా" అనేవాళ్ళు. మాలో కొందరు "అవునండీ" అని తలూపేవాళ్ళు కూడా. అది తప్పు, ఇప్పటికీ బాధపడతాను. చట్టం ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్న వాడితో సమానం. ముందు వాణ్ణి అడిగి, రాకపోతేనే మిమ్మల్ని అడగాలన్న నియమం లేదు. ఇద్దర్లో ఎవర్నైనా అడగొచ్చు.

కాలర్ 2: అయితే నా జీతం పట్టుకుంటరా?

మేడం: కోర్టు డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే తీర్పు కాగితం, లేకుండా పట్టుకోలేరు. డిక్రీ వచ్చినా మొదటి 1,000 రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. పెన్షన్ అసలు ముట్టుకోకూడదు. కానీ మీ పొదుపు ఖాతా గానీ డిపాజిట్ గానీ అదే బ్యాంకులో ఉంటే, దాన్ని బాకీ కింద సర్దుకునే హక్కు బ్యాంకులు వాడుతుంటాయి. ఎక్కడుందో చూసుకోండి. మీరు చేయగలిగింది చెప్తాను. మీ మేనల్లుడి ఇప్పటి అడ్రసు, పనిచేసే కంపెనీ పేరు బ్యాంకుకి రాసివ్వండి. మీ జిల్లా కోర్టులో జాతీయ లోక్ అదాలత్ పెట్టినప్పుడు ఈ కేసు పెట్టమని అడగండి. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీ డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు కూడా ఉండదు. ఒకవేళ మీరే కట్టాల్సొస్తే ప్రతి రసీదూ దాచండి. కట్టినంతా మీ మేనల్లుడి దగ్గర వసూలు చేసుకునే హక్కు చట్టం మీకిచ్చింది.

కాలర్ 2: సొంత తమ్ముడి కొడుకు మీద కేసెట్ల వేస్తనమ్మా...

మేడం: వేయమని అనట్లేదమ్మా. ఆ అబ్బాయిని కూర్చోబెట్టి, అత్తకి ఇల్లు రాకుండా పోయింది నీ వల్లేనని కాగితం ముందు పెట్టి చూపించండి. వాడికి ఆ సంగతి తెలిసే ఉండదు. చాలామంది పిల్లలకి తెలియదు.

యాంకర్: శ్రీకాకుళం నుంచి ఇంకో కాల్.

కాలర్ 3: మేడం, నేను బ్యాంకు పరీక్షలకి ప్రిపేర్ అవుతున్నాను. నా ఎడ్యుకేషన్ లోన్ మూడున్నర లక్షలు ఎన్‌పీఏ అయింది. బ్యాంకు వాళ్ళు ఓటీఎస్, అంటే ఒకేసారి తగ్గించి కట్టే రాజీ, ఇస్తామంటున్నారు, 2 లక్షలు కడితే చాలట. కట్టేస్తే ఉద్యోగానికి ఇబ్బంది ఉండదు కదా?

మేడం: తల్లీ, కట్టే ముందు అడిగావు, మంచి పని చేశావు. పూర్తిగా కట్టిన లోను సిబిల్ రిపోర్టులో 'క్లోజ్డ్' అని వస్తుంది. తగ్గించి రాజీపడితే 'సెటిల్డ్' అని వస్తుంది. రెండిటికీ చాలా తేడా ఉంది, ఆ మచ్చ ఏడేళ్ళ దాకా కనపడొచ్చు. ప్రభుత్వ బ్యాంకుల నోటిఫికేషన్లలో అప్పుల రికార్డు గురించి షరతు ఉంటోంది. స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థికి ఇచ్చిన నియామకాన్ని ఈ కారణంతోనే రద్దు చేస్తే, 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు బ్యాంకు వైపే తీర్పిచ్చింది. ఆ అభ్యర్థి తర్వాత బాకీలు కట్టేశానన్నా లాభం లేకపోయింది. అందుకని నీకు బ్యాంకు ఉద్యోగమే కావాలంటే ఇంట్లో వాళ్ళతో మాట్లాడి మొత్తం బాకీ కట్టే దారి చూడు, బాకీ ఏమీ లేదని నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకో. ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే క్రెడిట్ రిపోర్టు తీసి ముందు చూసుకో. దాంట్లో తప్పు పడితే దిద్దమని అడగొచ్చు. 30 రోజులు దాటినా దిద్దకపోతే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని నియమం ఉంది. అప్లికేషన్లో మాత్రం ఏదీ దాచొద్దు.

యాంకర్: ఆఖరి కాల్. ఖమ్మం జిల్లా నుంచి పెద్దాయన. చాలాసేపట్నుంచి లైన్లో ఉన్నారు.

కాలర్ 4: నమస్కారం మేడం. మావాణ్ణి అమెరికా పంపాం, ఎమ్మెస్. 32 లక్షలు లోను. ఇల్లు తనఖా పెట్టాం. చదువైతే అయిపోయింది కానీ, ఉద్యోగం పోయింది. మళ్ళీ దొరకలేదు. ఏవో చిన్న పనులు చేసుకుంటున్నాడని వాడి ఫ్రెండు చెప్పాడు. మా ఫోను ఎత్తట్లేదు. ఇప్పుడు బ్యాంకు నుంచి రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది.

మేడం: ఆ కాగితం చేతిలో ఉందా అన్నగారూ?

కాలర్ 4: ఉంది.

మేడం: పైన ఏ సెక్షన్ రాసుంది?

కాలర్ 4: ఇంగ్లీషులో ఉందమ్మా... పదమూడు, బ్రాకెట్లో రెండు.

మేడం: ఎప్పుడు సంతకం పెట్టి తీసుకున్నారు?

కాలర్ 4: 18 రోజులైంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బీరువాలో చీరల కింద పెట్టా.

మేడం: ఇవాళే ఇంట్లో చెప్పండి. ఇది సర్ఫేసీ చట్టం కింద ఇచ్చిన నోటీసు. తనఖా ఆస్తిని కోర్టుకి వెళ్ళకుండానే బ్యాంకు స్వాధీనం చేసుకోడానికి వీలిచ్చే 2002 నాటి చట్టం. బాకీ కట్టడానికి 60 రోజులు గడువు ఉంటుంది. మీకింకా 42 రోజులున్నాయి. రేపెవరో వచ్చి తాళం వేయరు. ఈలోగా మీరు అభ్యంతరం రాసిస్తే, దానికి బ్యాంకు 15 రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి. అబ్బాయి ఉద్యోగం పోయిన సంగతి, మీరు నెలకి ఎంత కట్టగలరు, ఎన్నాళ్ళలో కడతారు, అన్నీ రాయండి. బ్యాంకు లెక్కలో తప్పుంటే అదీ రాయండి. గడువు దాటాక ఇల్లు స్వాధీనం చేసుకునే నోటీసు వస్తే, 45 రోజుల్లో హైదరాబాద్‌లోని డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల తగాదాలు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. దానికి వకీలు కావాలి.

కాలర్ 4: పొలం రెండెకరాలుంది. అది కూడా లాక్కుంటారా?

మేడం: ఈ చట్టం కింద వ్యవసాయ భూమి జోలికి రాకూడదు. నేను పనిచేసేటప్పుడు ఇలాగే ఒకాయన పట్టాదారు పాసుపుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టుకొచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. "ఇదిగో తీసుకోండి, మావాడి జోలికి పోకండి" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి. ఆయన భూమి తనఖాలోనే లేదు. ఆ నోటీసులో ఏముందో చదివి చెప్పేవాళ్ళు లేక మూడు వారాలు అన్నం సయించక తిరిగాడు. అందుకే మిమ్మల్ని ఆ సెక్షన్ నంబరు చదవమన్నాను. అయితే బ్యాంకు సివిల్ కోర్టుకో డీఆర్‌టీకో వెళ్ళి డిక్రీ తెచ్చుకుంటే అది వేరే దారి, అప్పుడు మిగతా ఆస్తుల సంగతీ వస్తుంది. కాబట్టి భూమి ఉందిగా అని ధీమాగా ఉండొద్దు. భయపడి రేపే తక్కువకి అమ్మేయొద్దు.

కాలర్ 4: ఇల్లు మేమే అమ్ముకుంటే?

మేడం: మంచి ప్రశ్న. ఈ నోటీసు వచ్చాక బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఇల్లు అమ్మకూడదు, ఎవరి పేరునా రాయకూడదు. అలా చేస్తే కొత్త చిక్కు. కానీ కొనేవాణ్ణి మీరే తెచ్చి, బ్యాంకు అనుమతితో అమ్మితే, వేలంలో కన్నా మంచి ధర వస్తుంది. బాకీ పోను మిగిలింది మీ చేతికొస్తుంది. వేలం ప్రకటన వెలువడేలోపే మొత్తం బాకీ కడితేనే ఇల్లు వెనక్కి తెచ్చుకునే హక్కు ఉంటుంది. ప్రకటన వచ్చాక పరిగెత్తి లాభం ఉండదు. మీ దగ్గర ఏదైనా సొమ్ము ఉందా, కొంచెమైనా?

కాలర్ 4: అమ్మాయి పెళ్ళికని ఓ 4 లక్షలు.

మేడం: దాన్ని ఊరికే పట్టుకెళ్ళి కట్టేయొద్దు. తప్పిన కిస్తీలు మొత్తం ఎంతో రాసిమ్మనండి. ఆ మొత్తం కడితే ఖాతా మామూలవుతుందని, నోటీసు వెనక్కి తీసుకుంటామని కాగితం మీద ఇస్తేనే కట్టండి. నోటిమాట నమ్మొద్దు, నేనిచ్చినా సరే.

కాలర్ 4: అలాగేనమ్మా. మరి వాడు... వాడికి ఏమని చెప్పను? ఇల్లు పోతుందని మెసేజ్ పెడదామా?

మేడం: వద్దన్నగారూ. బ్యాంకు సంగతి మనం చూసుకుందాం, 42 రోజులున్నాయి. వాడు ఫోనెత్తనిది మీ మీద కోపంతో కాదు, సిగ్గుతో. ఈ రాత్రికి వాళ్ళమ్మ చేత ఒక వాయిస్ మెసేజ్ పెట్టించండి. తిన్నావా అని అడగమనండి. అప్పు మాట ఎత్తొద్దు.

కాలర్ 4: ...సరేనమ్మా.

యాంకర్: లైన్ కట్ చేయకండి సార్. నోటీసు కాపీ మాకు ఎలా పంపాలో మావాళ్ళు చెప్తారు. మేడం రేపు చదివి మీకు ఫోన్ చేస్తారు.

మేడం: రేపు పొద్దున పదిలోపు చేస్తాను.