క్వింటాలు వడ్లు మిల్లుకు చేరితే

అందరికీ నమస్కారం. కామర్స్ విద్యార్థులతో ఉత్పత్తి గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. భూమి, శ్రమ, మూలధనం, వ్యవస్థాపన అనే పాఠం మీకు ఇంటర్‌లోనే అయిపోయింది. దాన్ని మళ్లీ అప్పజెప్పను. మీలో చాలామంది రోజూ బస్సులో దాటి వచ్చే రైస్‌మిల్లు ఒక్కదాన్ని పట్టుకుని మాట్లాడతాను. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారిన తర్వాత మిర్యాలగూడ చుట్టుపక్కల ఇన్ని మిల్లులు వెలిశాయి. వాటి లెక్క అర్థమైతే సిమెంటు ఫ్యాక్టరీ లెక్కా, పాల డెయిరీ లెక్కా అర్థం చేసుకోవడం కష్టం కాదు.

మొదట కూలి సంగతి చూద్దాం. ప్రభుత్వం రైతు దగ్గర వడ్లు కొని మిల్లుకు పంపుతుంది. మిల్లరు వాటిని ఆడించి ప్రతి క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. సీఎంఆర్, అంటే కస్టమ్ మిల్లింగ్ రైస్, అని పేపర్లలో వచ్చేది ఇదే. ఇందుకు కేంద్రం లెక్కగట్టి ఇస్తూ వచ్చిన కూలి క్వింటాలుకు పచ్చి బియ్యానికి 10 రూపాయలు, ఉప్పుడు బియ్యానికి 20 రూపాయలు. ఈ డబ్బుతో మిల్లు నడవదు. మరి కోట్లు పోసి మిల్లులు ఎందుకు కడుతున్నారు?

బియ్యం పోగా మిగిలేది మిల్లరుదే కాబట్టి. క్వింటాలు వడ్లలో దాదాపు 20 కిలోలు ఊక, ఆరు నుంచి ఎనిమిది కిలోలు తవుడు, పరిమితికి మించి విరిగిన నూక కొంత. మిల్లు బతికేది వీటి మీదే. బియ్యం ఆడించే ఖర్చులో తవుడు వాటా ఎంత, ఊక వాటా ఎంత అని ఎవరూ విడదీయలేరు. గింజ ఒక్కటే, కరెంటు ఒక్కటే, మనుషులూ వాళ్లే. కాస్ట్ అకౌంటింగ్‌లో ఉమ్మడి ఉత్పత్తులంటే తలపట్టుకుంటారు కదా, ఆ చిక్కు ఇదే. తవుడు ధర పడిపోయిన నెలలో, బియ్యం ధర కదలకపోయినా, మిల్లరు ముఖం మాడిపోతుంది.

ఒకసారి లోపలికి వెళ్లి చూద్దాం. జల్లెడలు తాలునూ చెత్తనూ తీసేస్తాయి, డీస్టోనర్ రాళ్లను వేరు చేస్తుంది. ఆ తర్వాత గింజ రెండు రబ్బరు రోలర్ల మధ్యకు వెళ్తుంది. ఆ రోలర్లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి, ఒకదాని వేగం ఇంకోదానికి ఉండదు. ఆ తేడాకే పొట్టు ఒలిచినట్టు ఊడిపోతుంది. వేగం సమానంగా ఉంటే ఊడదు, ఒత్తిడి ఎక్కువైతే గింజ విరుగుతుంది. గింజ గట్టిదనాన్ని బట్టి రోలర్ల మధ్య సందు సవరించే ఆపరేటర్ చేతిలోనే మిల్లు లాభనష్టాలు సగం ఉంటాయని నా నమ్మకం. బ్యాలెన్స్ షీటులో అతని నైపుణ్యానికి గడి ఉండదు. పొట్టు పోయిన గింజను పాలిష్ చేస్తే తవుడు రాలుతుంది. చివర సార్టెక్స్ యంత్రం కెమెరాతో ఒక్కో గింజనూ చూసి, రంగు మారినదాన్ని గాలితో పక్కకు ఊదేస్తుంది.

తవుడు దగ్గర కాసేపు ఆగాలి. అందులో సుమారు 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. పచ్చి బియ్యం తవుడులో, గింజ నుంచి విడివడ్డ క్షణం నుంచే ఒక ఎంజైమ్ ఆ నూనెను పాడుచేయడం మొదలుపెడుతుంది. ఒక రోజు ఆలస్యమైనా వంటనూనెకు పనికొచ్చే గుణం తగ్గుతుంది. అందుకే తవుడు లారీ తొందరగా కదలాలి, నూనె తీసే సాల్వెంట్ ప్లాంటు దగ్గరలో ఉండాలి. పరిశ్రమలన్నీ ఒకేచోట ఎందుకు గుమిగూడతాయని పరీక్షలో అడిగితే ఈ తవుడు సంగతి రాయండి.

నూనె తీయగా మిగిలిన తవుడు కొల్లేరు, భీమవరం చెరువులకు చేపల మేతగా పోతుంది. 2023 జులైలో కేంద్రం ఈ నూనె తీసిన తవుడు ఎగుమతిని ఆపేసింది. పశువుల దాణా ధర తగ్గించడం ఉద్దేశం. మేత కొనేవాడికి ఊరట, అమ్మేవాడికి దెబ్బ. దాణా గురించి తీసుకున్న నిర్ణయం, తవుడు లెక్కలోంచి వచ్చి, వడ్లు ఆడించే మిల్లు గడప తొక్కింది. ఒకరి దగ్గర మిగిలిన సరుకు ఇంకొకరికి ముడిసరుకయ్యే ఈ వరసలో ఎక్కడ చెయ్యి పెట్టినా, కదలిక ఇంకెక్కడో కనిపిస్తుంది.

ఇక యాసంగి, అంటే రబీ పంట. ఏప్రిల్, మే ఎండల్లో పండిన గింజకు లోపల సన్నని పగుళ్లు పడతాయి. ఆడిస్తే నూక ఎక్కువ వస్తుంది. కేంద్రం తరఫున బియ్యం తీసుకునే భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) పచ్చి బియ్యంలో 25 శాతం దాకా నూకను ఒప్పుకునేది, యాసంగి వడ్లు ఆ గీత దాటిపోయేవి. అదే వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెడితే లోపలి పిండి పదార్థం సాగి పగుళ్లు మూసుకుంటాయి. ఉప్పుడు బియ్యం విరగకపోవడానికి కారణం ఇదే. 2021-22లో కేంద్రం ఉప్పుడు బియ్యం ఇక వద్దన్నప్పుడు తెలంగాణలో జరిగిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. దాన్ని రాజకీయంగానే చూశాం. వేసవి ఎండకు గింజ ఎలా పగులుతుందో తెలిస్తే, పచ్చి బియ్యమే ఇవ్వండి అన్న ఒక్క వాక్యం వెనక ఎన్ని కిలోల నూక ఉందో, ఆ నష్టం ఎవరు మోయాలన్నది ఎంత పెద్ద ప్రశ్నో తెలుస్తుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టే విషయం తేమ. ఒకప్పుడు కోసి, మెదలు ఆరబెట్టి, కుప్ప వేసి, తీరికగా నూర్చేవారు. గింజ ఆ వారాల్లోనే పొలంలో ఆరిపోయేది. ఇప్పుడు హార్వెస్టర్ కొన్ని గంటల్లో చేను ఖాళీ చేస్తుంది. చుట్టూ ఊళ్లన్నీ ఒకే వారంలో కోస్తాయి. గింజ 20, 22 శాతం తేమతో కల్లానికి చేరుతుంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటితే తీసుకోరు. కోత దగ్గర మిగిలిన సమయమంతా రోడ్డు పక్కన, టార్పాలిన్ కింద ఖర్చవుతోంది. ఒక దశను యంత్రం వేగంగా నడిపితే ఇరుకు తర్వాతి దశలోకి జరుగుతుందంతే. ఆరబెట్టే చోటు పెరగకుండా హార్వెస్టర్లు పెరిగితే జరిగేది ఇదే. గోనె సంచులు రాలేదనో, లారీ రాలేదనో, హమాలీలు చాలలేదనో ఇంకో నాలుగు రోజులు. ఈలోగా అకాల వాన.

ఒక లెక్క వేయండి. 22 శాతం తేమ ఉన్న క్వింటాలు వడ్లు 17 శాతానికి దిగితే మిగిలేది 94 కిలోలు. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ ఆరు కిలోలు దాదాపు 142 రూపాయలు. అది నీటి బరువు, పోవడం న్యాయమే. కానీ 17 శాతానికి ఆరబెట్టి తెచ్చిన రైతుకు కూడా తరుగు పేరుతో బస్తాకు కిలో, రెండు కిలోలు కోసే చోట్లు ఉన్నాయి. దీన్ని నేను ఒప్పుకోను. మిల్లరు వాదనలోనూ కొంత నిజం ఉంది. 17 శాతం వడ్లను ఆడించే ముందు 14 శాతానికి దించితే క్వింటాలు 96 కిలోల చిల్లర అవుతుంది, అందులోంచే ఆ 67 కిలోలు రావాలి. ఇది నిజమే గనుక ఆ నష్టాన్ని సీఎంఆర్ ఒప్పందంలో రాసి, ప్రభుత్వంతో తేల్చుకోవాలి. రైతు తూకంలో తేల్చుకోవడం తప్పు.

మిల్లుల సంఖ్య పెంచుతామని ప్రకటన వచ్చినప్పుడల్లా నేను అడిగేది ఒక్కటే: ఆరబెట్టే యంత్రాలు ఎన్ని? ఏడాదిలో కొన్ని వారాలు తప్ప చాలా మిల్లులకు నిండా పని ఉండదు. కొత్త మిల్లు వస్తే కోతల రద్దీలో ఆరబెట్టే వేగం పెరగదు. అదే డబ్బుతో కొనుగోలు కేంద్రం పక్కనే, మిల్లు ఊకతోనే నడిచే డ్రయ్యర్లు పెట్టవచ్చు. మీలో ప్రాజెక్టు రిపోర్టు రాయాల్సిన వాళ్లు మీ మండలంలో ఒక కేంద్రానికి వెళ్లండి. వడ్లు వచ్చిన రోజు, తూకం వేసిన రోజు, లారీ ఎక్కిన రోజు, రైతు ఖాతాలో డబ్బు పడిన రోజు రాసుకోండి. ఈ నాలుగు తేదీల మధ్య ఉన్న రోజులను లెక్కగట్టి, ఆ రోజులకు వడ్డీ ఎవరు కడుతున్నారో అడగండి. ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వస్తే, కూర్చుని మిగతా లెక్క కలిసి వేద్దాం.