ట్యాంకులో బ్లీచింగ్ ఎంత వేయాలి? ఊరికి నీళ్లు వదిలే మనిషికి ఎవరు నేర్పాలి?

[తెరపై: ఊరి ఓవర్‌హెడ్ ట్యాంక్. కింద బ్లీచింగ్ పౌడర్ బస్తా, ప్లాస్టిక్ బకెట్, కలిపే కర్ర.]

నమస్కారం. ముందుగా ఒక లెక్క చేద్దాం. మీ ఊళ్లో 60 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంక్ ఉంది. నిండా నీళ్లున్నాయి. అందులో బ్లీచింగ్ పౌడర్ ఎంత కలపాలి?

చాలా ఊళ్లలో దీనికి వచ్చే జవాబు "డబ్బాడు" అనో, "అందాజగా వేస్తాం" అనో. సరే, కాగితం మీద చూద్దాం.

[తెరపై: లెక్క ఒక్కో వరుస కనిపించాలి.]

లీటరు నీటికి 2 మిల్లీగ్రాముల క్లోరిన్ పడాలనుకుందాం. 60 వేల లీటర్లకు 120 గ్రాముల క్లోరిన్ కావాలి. అయితే బ్లీచింగ్ పౌడర్ అంతా క్లోరిన్ కాదు. కొత్త బస్తాలో పనికొచ్చే క్లోరిన్ దాదాపు 30 శాతం ఉంటుంది. అంటే 400 గ్రాముల పౌడర్ కలపాలి. అదే బస్తాను మూతి కట్టకుండా, చెమ్మ తగిలే మూలన పడేస్తే అందులోని క్లోరిన్ మెల్లగా తగ్గిపోతుంది. 15 శాతానికి పడిపోయిందంటే 800 గ్రాములు కలపాలి. పౌడర్ మాత్రం చూడ్డానికి అప్పటిలాగే తెల్లగా ఉంటుంది. బస్తా అదే, డబ్బా అదే, వేసే మనిషీ అతనే. నీళ్లలో పడిన మందు మాత్రం సగమే.

మరి సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? అరగంట ఆగి, ఊళ్లోకి నీళ్లు వదిలాక, లైను చివర ఉన్న ఇంటి కుళాయి దగ్గర క్లోరోస్కోప్‌తో చూడాలి. చిన్న సీసాలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. ఆ రంగును పక్కనున్న రంగుల పట్టీతో పోల్చాలి. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం, క్లోరిన్ కలిపిన నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఇంకా మిగిలి ఉండాలి. మిగిలి ఉందంటే, దారిలో ఎక్కడైనా లీకేజీ నుంచి మురికి చేరినా దాన్ని ఎదుర్కొనే శక్తి ఆ నీళ్లకు కొంత ఉందన్న మాట.

ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. పదో తరగతి చదివిన ఎవరైనా ఒక పూటలో నేర్చుకోగలరు. కానీ ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి. నేర్పకపోతే ఏమవుతుందో ప్రపంచానికి తెలిసింది ఒక చిన్న ఊరి వల్ల. అది మన దగ్గర లేదు, కెనడాలో ఉంది.

[తెరపై: కెనడా పటం. అంటారియో రాష్ట్రం. వాకర్టన్ దగ్గర చుక్క.]

వాకర్టన్. అంటారియో రాష్ట్రంలో దాదాపు 5 వేల జనాభా ఉన్న పట్టణం. చుట్టూ పొలాలు, పశువులు. తాగునీళ్లు బోరుబావుల నుంచి వచ్చేవి. వాటిలో 5వ నంబరు బావి లోతు 15 మీటర్లే. నీళ్లు అంతకంటే పైపొరల నుంచే వచ్చేవి. దగ్గర్లోని పొలంలో రైతు పశువుల ఎరువు చల్లాడు. అతను చేసిన దాంట్లో తప్పేమీ లేదని తర్వాత విచారణలో తేలింది.

2000వ సంవత్సరం మే 8 నుంచి 12 దాకా కుండపోత వాన. అయిదు రోజుల్లో 134 మిల్లీమీటర్లు. ఎరువులోని క్రిములు వాన నీళ్లతో కలిసి బావిలోకి దిగాయి. ఈ. కోలై ఓ157, కాంపైలోబ్యాక్టర్ అనే రెండు రకాల బ్యాక్టీరియా.

క్లోరిన్ కలుపుతూనే ఉన్నారు. కానీ కలపాల్సినంత కలపలేదు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. మురికి నీళ్లు క్లోరిన్‌ను తినేస్తాయి. నీళ్లు తేటగా ఉన్నరోజు సరిపోయిన మోతాదు, వాన పడి మురికి చేరిన రోజు సరిపోదు. ఆ రోజు కుళాయి దగ్గర పరీక్ష చేసి ఉంటే క్లోరిన్ సున్నాకి పడిపోయిందని వెంటనే తెలిసేది. పరీక్ష చేయలేదు. రిజిస్టర్‌లో మాత్రం అంకెలు నిండాయి. 0.5 అని, 0.75 అని. ఏళ్ల తరబడి అలాగే రాస్తున్నారు.

[తెరపై: రిజిస్టర్ పేజీ. వరుసగా ఒకే అంకెలు.]

మే 17న ల్యాబ్ నుంచి నీళ్లు కలుషితమయ్యాయని రిపోర్టు వచ్చింది. ఆ సంగతి నీటి సరఫరా మేనేజర్ బయటికి చెప్పలేదు. ఆసుపత్రికి రక్త విరేచనాలతో పిల్లలు వస్తుంటే ఆరోగ్య శాఖ వాళ్లు ఫోన్ చేసి అడిగారు. నీళ్లు బాగానే ఉన్నాయని జవాబు. చివరికి మే 21న ఆరోగ్య శాఖే సొంతంగా "నీళ్లు మరిగించి తాగండి" అని ప్రకటించింది. 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. ఏడుగురు చనిపోయారు.

ఇదంతా చేసింది దుర్మార్గులైతే మనం ఈ వీడియో చేయాల్సిన పనే లేదు. జైల్లో పెడితే కథ అయిపోయేది. జస్టిస్ డెనిస్ ఓకానర్ నేతృత్వంలో సుదీర్ఘంగా విచారణ జరిగింది, 2002లో రెండు భాగాలుగా నివేదిక వచ్చింది. అందులో బయటపడిన మనుషులు వేరు. ఆ మేనేజర్ 1972లో, ఇంకా 20 ఏళ్లు కూడా నిండకముందే, అదే సంస్థలో కూలీ పనికి చేరాడు. 1988లో మేనేజర్ అయ్యాడు. ఫోర్‌మన్ అతని తమ్ముడే. పైపు పగిలితే బాగుచేయడం, పంపు నడపడం వాళ్లకు కొట్టిన పిండి. క్లోరిన్ కలపని పచ్చి బావి నీళ్లను వాళ్లే తాగేవాళ్లు. అంత నమ్మకం. ఊళ్లో జనం నీళ్లు మందు వాసన వస్తున్నాయని ఫిర్యాదు చేస్తే మోతాదు తగ్గించేవాళ్లు.

నన్ను బాగా కదిలించే విషయం ఇంకొకటి ఉంది. వాళ్లిద్దరికీ సర్టిఫికెట్లు ఉన్నాయి. ఆపరేటర్ లైసెన్సు ఉంది. ఎలా వచ్చింది? పరీక్ష రాయకుండా, శిక్షణ లేకుండా, చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నారు కదా అని ఇచ్చేశారు. ఏటా 40 గంటల శిక్షణ తీసుకోవాలన్న నిబంధన కూడా ఉంది. అది జరగలేదు, జరగలేదని ఎవరూ పట్టించుకోలేదు. క్లోరిన్ ఎందుకు మిగలాలి, తక్కువ లోతు బావికి వానాకాలంలో ఏ ప్రమాదం ఉంటుంది, ఈ. కోలై మనిషిని ఏం చేస్తుంది... ఈ "ఎందుకు" అనేవేవీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. పాతికేళ్లకు పైబడిన అనుభవం ఉంది. ఎందుకో తెలియని మనిషికి క్లోరిన్ పరీక్ష ఒక దండగ పనిలాగే కనిపిస్తుంది. అంకె రాసేస్తే సరిపోతుంది అనిపిస్తుంది.

[తెరపై: శిక్షణ కేంద్రంలో పంపులు, పైపులు, వాల్వులు.]

తర్వాత అంటారియో చట్టం మార్చింది. 2002లో సురక్షిత తాగునీటి చట్టం తెచ్చింది. పాత అనుభవం చూసి లైసెన్సులిచ్చే పద్ధతికి స్వస్తి చెప్పింది. పాతవాళ్లయినా సరే, పరీక్ష పాసవ్వాల్సిందే. లైసెన్సు నిలుపుకోవాలంటే మధ్య మధ్యలో శిక్షణ తీసుకోవాల్సిందే. 2004లో అదే వాకర్టన్‌లో, ఆ విషాదం జరిగిన ఊళ్లోనే, నీటి సరఫరా సిబ్బంది కోసం శిక్షణ సంస్థ పెట్టారు. చిన్న ఊళ్ల ఆపరేటర్ల మీద ఆ సంస్థ ప్రత్యేకంగా దృష్టి పెట్టింది. ఇది సరైన నిర్ణయమని నా అభిప్రాయం. పెద్ద నగరంలో ఇంజనీర్లు, కెమిస్టులు, ల్యాబ్ అన్నీ ఉంటాయి. చిన్న ఊళ్లో అన్నీ ఒక్క మనిషే.

[తెరపై: మన పల్లె. ఉదయం. వాల్వ్ తిప్పుతున్న చేతులు.]

మన దగ్గర ఆ ఒక్క మనిషిని వాటర్‌మ్యాన్ అంటాం, పంప్ ఆపరేటర్ అంటాం. తెలంగాణలో మిషన్ భగీరథ, దేశమంతటా 2019లో ప్రకటించిన జల్ జీవన్ మిషన్... ఇవన్నీ కలిసి చాలా పల్లెల్లో ఇంటింటికీ కుళాయి తెచ్చాయి. మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలన్నది జల్ జీవన్ మిషన్ లక్ష్యం. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన తరాన్ని చూసిన నల్లగొండ జిల్లా వాళ్లకు ఈ కుళాయి విలువ ఒకరు చెప్పక్కర్లేదు. కానీ నది నుంచి ఎన్ని కిలోమీటర్లు పైపులు వేసి తెచ్చినా, ఊరి ట్యాంకు దాటాక ఆ నీళ్లు ఆయన చేతిలోనే ఉంటాయి.

ఆయన చేసే పని ఒకసారి దగ్గరగా చూడండి.

పొద్దున్నే వాల్వ్ తిప్పుతాడు. గబగబా ఒక్కసారే తెరిస్తే లైనులో ఉన్న గాలి, ఉరుకుతున్న నీళ్లు కలిసి పైపు మీద పెద్ద దెబ్బ కొడతాయి. మూసేటప్పుడు మరీ ఎక్కువ. దడ్‌మని చప్పుడు వినిపిస్తుందే, అదే. జాయింట్లు అలాగే ఊడతాయి. కాబట్టి కొంచెం తిప్పి, ఆగి, మళ్లీ తిప్పాలి. మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. గంటో, రెండు గంటలో వదిలి ఆపేస్తారు. ఆపాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు లోపల ఒత్తిడి పడిపోయి, లీకేజీ ఉన్నచోట పైపు బయటి నీళ్లను లోపలికి లాగేసుకుంటుంది. ఆ లీకేజీ మురుగు కాల్వలో ఉంటే? మర్నాడు మొదట వచ్చే బిందెడు నీళ్లలో ఉండేది ఆ మురుగే. కాల్వలోంచి పోయే పైపుకు చిన్న లీకేజీ ఉంటే "నీళ్లేగా కారుతున్నాయి, రేపు చూద్దాం" అనే మనిషికీ, ఈ రోజే బాగుచేసే మనిషికీ తేడా ఈ ఒక్క విషయం తెలియడమే.

పైపు బాగుచేశాక ఆ ముక్కను క్లోరిన్ నీళ్లతో కడిగి, మొదటి నీళ్లు బయటికి వదిలేసి, ఆ తర్వాతే ఇళ్లకు ఇవ్వాలి. ఇది కూడా చెప్పాలి.

ఇంకో సంగతి. ఇది నీళ్ల గురించి కాదు, ఆయన ప్రాణం గురించి. చాలాకాలం మూసి ఉన్న సంపులోకి, లోతైన వాల్వ్ గుంతలోకి నేరుగా దిగకూడదు. లోపల ఆక్సిజన్ తక్కువ ఉండొచ్చు, విషవాయువు ఉండొచ్చు. దిగినవాడు పడిపోతే, కాపాడదామని దిగిన రెండోవాడూ పడిపోతాడు. మూత తీసి గాలి ఆడనివ్వాలి, లోపలి గాలిని పరీక్షించాలి, నడుముకు తాడు ఉండాలి, పైన మనిషి ఉండాలి. పట్టణాల్లో క్లోరిన్ గ్యాస్ సిలిండర్లు వాడే చోట ఇంకా జాగ్రత్త. క్లోరిన్ గాలికంటే బరువు, నేలను పట్టుకుని పాకుతుంది. లీకయితే గాలి ఎటు నుంచి వీస్తోందో అటువైపు, ఎత్తైన చోటికి పరుగెత్తాలి. కంగారులో ఈ ముక్క గుర్తు రావాలంటే ముందే రెండుమూడుసార్లు డ్రిల్ చేయించి ఉండాలి. కాగితం మీద చదివితే రాదు.

[తెరపై: ట్యాంకు కింద కూర్చుని నేర్పుతున్న మనిషి, చుట్టూ నలుగురు.]

శిక్షణ అసలే లేదని నేను అనడం లేదు. జల్ జీవన్ మిషన్‌లో ప్రతి ఊళ్లో అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లు వాడడం నేర్పాలన్న ఏర్పాటు ఉంది. ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, మిగిలిన క్లోరిన్ లాంటివి ఆ కిట్‌తో ఊళ్లోనే చూడొచ్చు. బ్యాక్టీరియాకు వేరే సీసా ఉంటుంది, నీళ్లు పోసి పెడితే రోజులో, రెండు రోజుల్లో నల్లబడితే అవి తాగే నీళ్లు కావని అర్థం. నల్ జల్ మిత్ర అనే కార్యక్రమంలో ప్లంబింగ్, కరెంటు, పంపు పనులు కలిపి ఒకే మనిషికి నేర్పుతున్నారు. పల్లెకు తగిన ఆలోచన ఇది.

అయితే ఎలా నేర్పుతున్నాం అనేదే అసలు ప్రశ్న. మండల కేంద్రంలో హాలు, బ్యానర్, రెండు ప్రసంగాలు, భోజనం, గ్రూప్ ఫొటో. సాయంత్రానికి సర్టిఫికెట్. దాంతో వాల్వ్ తిప్పడం రాదు. ఆయన్ని ఆయన ట్యాంకు దగ్గరే నిలబెట్టి, ఆయన బస్తాలోని పౌడరే కొలిపించి, చివరి కుళాయి దాకా నడిపించి, రంగు ఆయన కళ్లతోనే చూపించాలి. ఆ ట్యాంకు ఎన్ని లీటర్లదో గోడ మీద రాయించాలి. ఎన్ని గ్రాములు కలపాలో దాని పక్కనే రాయించాలి. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మళ్లీ రావాలి. నేర్పేది ఎవరో కొత్త లెక్చరర్ కాకుండా, పక్క ఊళ్లో ఈ పని బాగా చేస్తున్న ఆపరేటరే అయితే ఇంకా మంచిది. "అన్నా, మా దగ్గర ఇట్ల చేస్తం" అని ఆయన చెబితే తలకెక్కినంతగా స్లైడులో చూపిస్తే ఎక్కదు.

నేర్చుకున్న మనిషి ఆ పనిలో నిలవాలి కూడా. నెలల తరబడి జీతం రాని మనిషి మేస్త్రీ పనికి వెళ్లిపోతాడు. కొత్తవాడు వస్తాడు, మళ్లీ "డబ్బాడు" మొదలవుతుంది. శిక్షణకు ఖర్చు పెట్టి జీతానికి వెనకాడడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

[తెరపై: పంచాయతీ ఆఫీసు. క్లోరిన్ రిజిస్టర్.]

మీరు చేయగలిగింది చాలా సులువు. ఈ వారం పంచాయతీకి వెళ్లి క్లోరిన్ రిజిస్టర్ చూపించమనండి. రోజూ ఒకే అంకె కనిపిస్తే, వాటర్‌మ్యాన్‌ను నిలదీయకండి. క్లోరోస్కోప్ ఉందా, అందులో మందు అయిపోయిందా, వాడడం ఎవరైనా నేర్పారా అని సర్పంచ్‌నీ కార్యదర్శినీ అడగండి. ఆయనతో కలిసి మీ వీధి చివరి కుళాయి దగ్గర ఒకసారి పరీక్ష చేయండి. రంగు రాకపోతే ఆర్‌డబ్ల్యూఎస్ ఏఈకి, అంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ అసిస్టెంట్ ఇంజనీర్‌కి చెప్పండి, సరయ్యేదాకా నీళ్లు బాగా మరిగించి తాగండి. రంగు వచ్చి, నీళ్లు కాస్త మందు వాసన వస్తే మాత్రం మోతాదు తగ్గించమని ఆయన మీద ఒత్తిడి చేయకండి. బిందెలో పట్టి కాసేపు ఉంచితే ఆ వాసన తగ్గిపోతుంది.