రాసిన మాటకు హద్దు చూపేది తోటివారే

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ రోజుల్లో కాగితం రాయకుండా నడిచే ఉద్యోగం తక్కువ. ఆశా కార్యకర్త నెలనెలా రిపోర్టు ఇస్తుంది. పంచాయతీ కార్యదర్శి తీర్మానం రాస్తాడు. మహిళా సంఘం లీడర్ మినిట్స్ పుస్తకం నింపుతుంది. డిగ్రీ పిల్లలు ఊళ్లకు పోయి సర్వే చేసి ప్రాజెక్టు రిపోర్టు తెస్తారు. అలాంటి పిల్లలకు నల్లగొండలో రిపోర్టు రాయడం నేర్పడం నా పని. అక్షర దోషాలు నేను దిద్దుతాను, వాక్యం సరిగ్గా నిలవకపోతే సరిచేస్తాను. కానీ రిపోర్టులో వాడిన మాటకు అర్థం తేలిందా లేదా అన్నది నాకంటే తోటి విద్యార్థే బాగా పట్టుకుంటాడు. ఈరోజు మీతో మాట్లాడాలనుకున్నది దాని గురించే.

మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ల కథ మీకు తెలిసిందే. ఆ నీళ్ల వల్ల పళ్లకు, ఎముకలకు పట్టే జబ్బునే ఫ్లోరోసిస్ అంటారు. ఆ వైపు ఒక ఊరికి వెళ్లొచ్చిన పిల్లలు తమ చిత్తుప్రతిలో ఒక వాక్యం రాశారు: “మేము కలిసినవారిలో చాలామందికి ఫ్లోరోసిస్ ఉంది.” చదవడానికి వాక్యం బాగానే ఉంది. మా క్లాసులో పద్ధతేమిటంటే, ఒక జట్టు రాసింది ఇంకో జట్టు చదివి పెన్సిల్‌తో ప్రశ్నలు రాయాలి. ఆ చిత్తుప్రతి చేతికి వచ్చిన అమ్మాయి ‘ఫ్లోరోసిస్’ అన్న మాట చుట్టూ సున్నా చుట్టి, “ఉన్నదని ఎట్ల తెలిసింది?” అని రాసింది. రాసిన అబ్బాయి “పండ్లు చూసినం, గార పట్టి ఉన్నయి” అన్నాడు. “మా తాతకు గుట్కాతోటి పండ్లు ఎర్రగైనయి. ఆయన మీ లెక్కల కొస్తడా?” అని ఆమె. అబ్బాయి ఆలోచనలో పడ్డాడు. ఆమె ఇంకో ప్రశ్న వేసింది: “మా అమ్మ వేరే ఊరి నుంచి కోడలుగ వచ్చింది. ఆమె పండ్లు తెల్లగనే ఉన్నయి, మోకాళ్లు మాత్రం వంగవు. మరి ఆమె?”

ఈ రెండో ప్రశ్న చాలా లోతైనది. ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద మచ్చలు వచ్చేది చిన్నతనంలో, చిగుళ్ల లోపల పళ్లు తయారవుతున్న వయసులో. ఎనిమిదేళ్లు దాటాక ముందరి పళ్లకు కొత్తగా ఆ మచ్చలు పట్టవు. కాబట్టి పెద్దవాళ్ల పళ్లు చూస్తే వాళ్లు చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారో తెలుస్తుంది కానీ ఇప్పుడు ఏ నీళ్లు తాగుతున్నారో తెలియదు. ఎముకలకు పట్టేది ఏళ్ల తరబడి తాగగా తాగగా వస్తుంది. అంటే తెల్లటి పళ్లున్న కోడలికి కూడా ఎముకల ఫ్లోరోసిస్ ఉండవచ్చు. మోకాళ్ల నొప్పికి వేరే కారణమూ ఉండవచ్చు, అది డాక్టర్ పరీక్షించి చెప్పవలసిన మాట. ఇక పుట్టింట్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగి, మంచినీళ్ల ఊరికి కోడలుగా వచ్చినామె పళ్లు ఈ ఊరి నీళ్ల మీద లేని నింద వేస్తాయి. ఒక్క సున్నా చుట్టినందుకు ఇంత బయటపడింది.

ఆ జట్టు తిరిగి రాసిన వాక్యం ఇలా ఉంది: “ఈ రిపోర్టులో ఫ్లోరోసిస్ అంటే పళ్ల ఫ్లోరోసిస్ మాత్రమే. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన, బడికి వెళ్లే పిల్లల పళ్లు మాత్రమే చూశాం. గుర్తించింది పళ్ల డాక్టర్.” దీనికోసం వాళ్లు మళ్లీ ఊరికి పోవాల్సి వచ్చింది, డాక్టర్‌ను బతిమాలి వెంట తీసుకుపోవాల్సి వచ్చింది. సంఖ్య తగ్గింది. అయినా ఆ తగ్గిన సంఖ్యను ఎవరు ప్రశ్నించినా నిలబడి జవాబు చెప్పగలరు. ముందు రాసిన ‘చాలామంది’కి ఆ బలం లేదు.

అదే రిపోర్టులో ‘సురక్షిత నీరు’ అన్న మాట కూడా ఉంది. ఈ మాట ఆశా కార్యకర్త నోట వస్తే ఒక అర్థం, నీళ్ల ల్యాబ్‌లో పనిచేసేవాళ్ల నోట వస్తే ఇంకో అర్థం. కాచి వడపోసిన నీళ్లు క్రిముల విషయంలో సురక్షితమే. కానీ ఎంత కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు ఒప్పుకుంటారు. మరి 1.3 వచ్చిన బోరు సురక్షితమా, కాదా? ఏ హద్దు తీసుకున్నామో రాయకపోతే ఒకే బోరు ఒక రిపోర్టులో మంచిది అవుతుంది, ఇంకో రిపోర్టులో చెడ్డది అవుతుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసేసే విధానానికి మన నల్లగొండ పేరే పెట్టారు. అలాంటి జిల్లాలో కూర్చుని రాసే రిపోర్టులో ఈ మాట గాలిలో వేలాడకూడదని నేను గట్టిగా పట్టుబడతాను.

ఈ ప్రశ్నలు తోటివాళ్లకే ఎందుకు తడతాయి? రాసినవాడు ఊరికి పోయి వచ్చాడు. ఆ మనుషులు, ఆ ఇళ్లు, ఆ బోరు అన్నీ వాడి కళ్ల ముందే ఉన్నాయి. వాడు ‘సురక్షిత నీరు’ అని రాసినప్పుడు వాడికి ఒక ఫలానా బిందె కనిపిస్తుంది. చదివేవాళ్లకు ఆ బిందె కనిపించదు. ఆ ఊరు చూడని మనిషి చేతిలో పెడితే తప్ప కాగితంలో ఏది ఉందో, రాసినవాడి తలలోనే ఏది ఉండిపోయిందో తెలియదు. పైగా తోటివాళ్లు తమ ఇంటి మనుషుల్ని, తమ వాడకట్టును ఆ మాట పక్కన నిలబెట్టి చూస్తారు. తాత వస్తాడా, అమ్మ వస్తుందా అని అడుగుతారు. భూమి కొలిచేటప్పుడు సర్వేయర్ కన్నా పక్క చేను రైతే హద్దురాయి ఎక్కడుందో జాగ్రత్తగా చూస్తాడు, ఇదీ అంతే.

ఇక పాలమూరు సంగతి. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు ఊళ్లలో ‘బతకపోయిండు’ అంటే అందరికీ తెలుసు. రిపోర్టులో అది ‘వలస’ అవుతుంది. మా దగ్గరి ఒక జట్టు “ఈ తండాలో వలస ఎక్కువ” అని రాసి, వలస కార్మికుడు అంటే ‘పని కోసం వలస వెళ్లే కార్మికుడు’ అని నిర్వచనం కూడా ఇచ్చింది. ఇది గుండ్రంగా తిరిగి మొదటి చోటికే వచ్చే నిర్వచనం. చదివిన జట్టులో కురుమూర్తి దిక్కు నుంచి వచ్చిన అబ్బాయి ఒకడున్నాడు. వాడు అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. దీపావళి తర్వాత జాతర చూసుకొని బొంబాయి బండెక్కి, జూన్‌లో మిరుగం కార్తెకు తిరిగొచ్చేవాడు వలస కార్మికుడా? పొద్దున హైదరాబాద్ పోయి రాత్రికి వచ్చే మేస్త్రీ? నడుమ పీర్ల పండుగకు వచ్చి కొన్నాళ్లుండి మళ్లీ పోతే ఒక్కసారి పోయినట్టా, రెండుసార్లా? అమ్మానాయనల వెంట పోయిన చిన్నపిల్లను లెక్కలో వేస్తారా? అందరూ పోయి ముసలమ్మ ఒక్కతే ఇంట్లో ఉంటే ఆ ఇల్లు వలస పోయినట్టా?

జాతీయ నమూనా సర్వే 2007-08లో వలస మీద పెద్ద సర్వే చేసింది. గడిచిన 365 రోజుల్లో పని కోసం ఒక నెల లేదా అంతకు మించి, కానీ ఆరు నెలల లోపు ఊరు విడిచి ఉన్నవాళ్లను తాత్కాలిక వలస కింద లెక్కపెట్టారు. బాగా ఆలోచించి గీసిన గీతే. అయితే దీపావళికి పోయి మిరుగానికి వచ్చే మనిషి ఏడు నెలలు ఊళ్లో ఉండడు, కాబట్టి ఆ లెక్కలో నుంచి జారిపోతాడు. తండాలో మాత్రం ‘సీజన్‌కు పోయొస్తడు’ అనే అంటారు. పెద్ద సంస్థ ఇచ్చిన నిర్వచనం కదా అని అలాగే దించుకుంటే ఈ మనిషి కనబడకుండా పోతాడు. అందుకని దాన్ని వదిలేయమని నేను చెప్పను. దాన్ని రాయండి, మీ ఊరికి సరిపోని చోట మీ గీత ఎక్కడ వేరైందో పక్కనే రాయండి అంటాను. అప్పుడే మీ లెక్కను దేశం లెక్కతో పోల్చాలనుకునేవాళ్లు మోసపోరు.

‘కుటుంబం’ అన్న మాటకూ ఇదే చిక్కు. జనగణనలో ఒక్క వంటింట్లో తినేవాళ్లంతా ఒక కుటుంబం. ఒకే వాకిలి, ఒకే తలుపు ఉన్నా అన్నదమ్ములు పొయ్యి వేరు పెట్టుకుంటే రెండు కుటుంబాలు. రేషన్ కార్డు చూస్తే ఇంకో లెక్క వస్తుంది. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు పట్నం నుంచి, బొంబాయి నుంచి జనం పని మానుకొని సొంతూళ్లకు వచ్చారు. కుటుంబం అంటే ఎవరెవరు అన్నది వాళ్లకు అంత ముఖ్యమైన విషయం. రాసేవాళ్లకు కూడా అంతే ముఖ్యం కావాలి.

జిల్లా పేరు సంగతి తొందరగా చెప్పేస్తాను. 2011 జనగణనలోని మహబూబ్‌నగర్ వేరు, ఇప్పటి మహబూబ్‌నగర్ వేరు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి, 2019లో నారాయణపేట కూడా వేరైంది. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాత జిల్లా జనాభా, కొత్త జిల్లా స్కూళ్ల సంఖ్య ఒకే పట్టికలో పెడితే వచ్చే ఫలితానికి అర్థం ఉండదు. పాత జిల్లా లెక్క అయితే పేరు ముందు ‘ఉమ్మడి’ అన్న ఒక్క మాట చేర్చితే ఏ జిల్లానో తెలిసిపోతుంది.

మహిళా సంఘాల అక్కచెల్లెళ్లకు ఒక మాట. మినిట్స్‌లో “లక్ష్మి బాకీ ఇరవై వేలు” అని రాస్తే, ఆమె ఇంకా కట్టవలసిన మొత్తం అప్పు అంతా, లేక కిస్తీ తప్పి ఆగిపోయినదా? ఈ రెండూ ఒకటి కాదు. మొదటి అర్థంలో ఆమె నెలనెలా సక్రమంగా కడుతున్న మనిషి, రెండో అర్థంలో ఎగవేసిన మనిషి. మినిట్స్ రాసినామె కాకుండా ఇంకో సభ్యురాలు చదివి సంతకం పెట్టే ముందు ఈ ప్రశ్న అడగాలి. ఒక మనిషి పరువు ఆ మాట మీద ఆధారపడి ఉంది.

ఇక ఈ చదివించే పని ఎలా చేయాలి? మన దగ్గర పెద్ద అడ్డంకి మొహమాటం. “అన్న రాసిందాన్ని నేనెట్ల తప్పు పడ్త” అంటారు. చదివి “మంచిగుంది” అని ఇచ్చేస్తారు. అందుకే నేను తప్పులు వెతకమని అడగను, ప్రశ్నలే రాయమంటాను. ‘వీళ్లు వస్తారా, రారా’ అనే రకం ప్రశ్నలు. ప్రశ్నకు మొహమాటం అడ్డురాదు. రాసినవాళ్లకు ఒక్కటే నియమం: చదివేవాళ్లు ప్రశ్న రాస్తున్నంతసేపు నోరు విప్పి వివరించకూడదు. జవాబు కాగితంలోకి రావాలి. కలెక్టరేట్‌లో ఆ రిపోర్టు ఎవరో తెరిచినప్పుడు పక్కన నిలబడి వివరించడానికి మనం ఉండం కదా. చదివేవాళ్లలో ఒకరు ఆ విషయం తెలిసినవాళ్లు, ఇంకొకరు ఏమీ తెలియనివాళ్లు అయితే మేలు. తెలిసినవాళ్లు గీత దగ్గరి మనుషుల్ని తెచ్చి నిలబెడతారు, తెలియనివాళ్లు గీతే లేని చోటు చూపిస్తారు.

ఈ పని లెక్క మొదలుపెట్టక ముందే జరగాలి. సంఖ్యలు చేతికి వచ్చాక నిర్వచనం రాస్తే, మనకు తెలియకుండానే మనకు కావలసిన సంఖ్య వైపు గీత జరుగుతుంది. మధ్యలో గీత మార్చక తప్పకపోతే మొదటి నుంచి మళ్లీ లెక్కపెట్టి, మార్చిన సంగతి రిపోర్టులో చెప్పాలి.

బడిలో మనకు వ్యాసరచన నేర్పేటప్పుడు ఒకే మాట మళ్లీ మళ్లీ రాయొద్దు, పర్యాయపదాలు వాడు అంటారు. కథకూ వ్యాసానికీ అది అందమే. రిపోర్టులో మాత్రం మొదటి పేజీలో ‘వలస కార్మికుడు’, రెండో పేజీలో ‘కూలీ’, మూడో పేజీలో ‘బయటికి వెళ్లినవారు’ అని రాస్తే చదివేవాళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులనుకుంటారు. ఒకసారి నిర్వచించిన మాటనే చివరిదాకా వాడాలి, విసుగ్గా అనిపించినా సరే.

ఎంత బాగా నిర్వచించినా ఎటూ తేలని మనుషులు కొందరు మిగులుతారు. పళ్ల ఫ్లోరోసిస్‌ను వర్గాలుగా విడదీసిన అమెరికా దంత వైద్యుడు డీన్ 1942 నాటి తన పట్టికలో ‘సందేహం’ అని ఒక వర్గమే పెట్టాడు. మచ్చ ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు అన్న పళ్లను అందులో వేశాడు. మా పిల్లల రిపోర్టుల చివర కూడా అలాంటి ఒక పేరా ఉంటుంది: ఎవరిని ఎటు వేయాలో తేలలేదు, ఎందుకు తేలలేదు, వాళ్లు ఎంతమంది, ప్రస్తుతానికి లెక్కలో కలిపామా లేదా. తోటి జట్టు అన్నిటికన్నా ముందు తెరిచి చదివేది ఆ పేరానే.

సెలవు. నమస్కారం.