ఒకే కథ, నలుగురు హీరోలు: ‘జంజీర్’ నుంచి ‘తుఫాన్’ దాకా

నమస్కారం. బెంగళూరు మారతహళ్లి నుంచి మాట్లాడుతున్నాను. పెద్ద హిందీ సినిమా విడుదలైతే ఇక్కడి తెలుగువాళ్లకు ఒక చిత్రమైన ఇబ్బంది వస్తుంది. ఒకే మల్టీప్లెక్సులో ఒక తెర మీద హిందీ, పక్క తెర మీద తెలుగు డబ్బింగ్. ఎందులోకి వెళ్లినా కథ తెలిసిందేనని సణుగుతూనే టికెట్టు కొంటాం. హిందీ సినిమా మూసలో పడింది, స్టార్ల మీద బతుకుతోంది అని ఆఫీసు క్యాంటీన్‌లో తీర్పులు కూడా ఇస్తాం. తీర్పు తప్పు కాదు. కానీ ఆ మూసలో స్టారు ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో తెలియాలంటే కొత్త సినిమాలు చాలవు. అందుకే ఈ రోజు ఒకే కథను నాలుగు రూపాల్లో చూద్దాం.

మొదటిది 1973 నాటి ‘జంజీర్’. దర్శకుడు ప్రకాశ్ మెహ్రా, రచన సలీం–జావేద్. దీపావళి రాత్రి ఒక పిల్లవాడు అల్మారాలో దాక్కుని తల్లిదండ్రుల హత్యను చూస్తాడు. హంతకుడి చేతి గొలుసుకు వేలాడే తెల్లగుర్రం బొమ్మ ఒక్కటే వాడికి గుర్తుండిపోతుంది. పెద్దవాడై పోలీసు అవుతాడు, పగ తీర్చుకుంటాడు. నిజానికి పాత చింతకాయ పచ్చడే.

పేరున్న హీరోలు కొందరు కాదన్నాక ఆ పాత్ర అమితాబ్ బచ్చన్‌కు దక్కింది. అప్పటికి ఆయనవి వరుసగా పరాజయాలు. పోలీస్ స్టేషన్ సన్నివేశం గుర్తుందా? జూదపు అడ్డాలు నడిపే షేర్‌ఖాన్, తర్వాత హీరోకు స్నేహితుడయ్యేవాడు, దర్జాగా వచ్చి కూర్చోబోతుంటే ఇన్‌స్పెక్టర్ ఆ కుర్చీని కాలితో తన్నేస్తాడు. షేర్‌ఖాన్ వేసింది ప్రాణ్. అంటే హాల్లో జనానికి బాగా తెలిసిన ముఖం తన్నినవాడిది కాదు, కుర్చీ పోయినవాడిది. ప్రాణ్‌ను నిలబెట్టి మాట్లాడే ఈ పొడుగాటి మనిషి ఎవడా అని జనం తలెత్తి చూశారు. ఆ తన్నుకు సగం బలం అక్కడిదే.

ఇంకో సన్నివేశం. వీధిలో ఇద్దరు గాయకులు ప్రేమపాట పాడుతుంటారు. హార్మోనియం వాయించేది పాట రాసిన గుల్షన్ బావ్రాయే. హీరో, హీరోయిన్ కిటికీ దగ్గర నిలబడి వింటారు, అంతే. హీరో పెదవి కదపడు. ఆ రోజుల్లో హీరో యుగళగీతం పాడకపోవడం చిన్న సాహసం కాదు.

ఏడాది తిరిగేసరికి, 1974లో, కథ దక్షిణాదికి వచ్చింది. తెలుగులో ‘నిప్పులాంటి మనిషి’, ఎన్టీఆర్. ఇక్కడ లెక్క తిరగబడింది. రాముడిగా, కృష్ణుడిగా ఇళ్లలో పటాలకెక్కిన మనిషి కోప్పడితే కొత్తగా ఆశ్చర్యపోయేది ఎవరు? ఆయన తెర మీదికి రాకముందే గెలిచేశాడు. అయినా సినిమా నిలబడింది. నా మటుకు నాకు కారణం కైకాల సత్యనారాయణ. షేర్‌ఖాన్ పాత్రను, దానితోపాటు ‘స్నేహమే నా జీవితం’ పాటను ఆయనకే వదిలేశారు. ఆ పాట రాగానే మా నాన్నగారు ఇప్పటికీ టీవీ శబ్దం పెంచుతారు. పెంచేది ఎన్టీఆర్ కోసం కాదు.

అదే ఏడాది తమిళంలో ‘సిరిత్తు వాళ వేండుం’. హీరో ఎంజీఆర్. మరి షేర్‌ఖాన్ లాంటి ఆ రెండో పాత్ర? అదీ ఎంజీఆరే! మంచి పాత్ర ఇంకొకరికి పోనివ్వడమెందుకు? స్టారు బలం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించే ఉదాహరణ ఇదే. తనను తానే ఎదిరించి తనతోనే స్నేహం చేసే చోట నాకు నవ్వు ఆగలేదు. అభిమానులు క్షమించాలి.

ఇక 2013. మళ్లీ హిందీ ‘జంజీర్’, తెలుగులో ‘తుఫాన్’. అపూర్వ లఖియా దర్శకత్వం, రామ్ చరణ్, ప్రియాంక చోప్రా. చమురు మాఫియాను తెచ్చారు, ఖర్చు పెట్టారు, సినిమా పోయింది. నన్నడిగితే తప్పు రామ్ చరణ్‌ది కాదు. పాత కథలో పనికొచ్చినది హీరో ఎవరో తెలియకపోవడం. వీళ్లు హీరో ఎవరో ముందే చాటారు. కోపం పుట్టేదాకా ఆగకుండా మొదటి నుంచీ కోపంగానే నిలబెట్టారు. షేర్‌ఖాన్‌గా హిందీలో సంజయ్ దత్, తెలుగులో శ్రీహరి. సినిమా వచ్చిన నెలకే శ్రీహరి కన్నుమూశారు.

స్టార్లంటే నాకు పగేమీ లేదు. ‘తారే జమీన్ పర్’లో ఆమిర్ ఖాన్ దాదాపు విశ్రాంతి దాకా కనిపించడు. దర్శకుడు కూడా ఆయనే కనుక కావాలంటే మొదటి రీలులోనే దిగిపోవచ్చు. అంతెందుకు, మైసూరు రోడ్డులో మన రామనగర కొండలున్నాయిగా, ‘షోలే’ తీసిన చోటు. అక్కడికి వెళ్లిన మన కుర్రాళ్లు ఫొటోలకు అనుకరించేది హీరోలు జయ్‌నీ వీరూనీ కాదు, విలన్ గబ్బర్‌సింగ్‌ను. 1975లో ఆ పాత్ర వేసిన అమ్జద్ ఖాన్ జనానికి కొత్తవాడు. ధర్మేంద్ర, అమితాబ్ ఉన్న సినిమాలో అంత చోటు ఒక కొత్తవాడికి ఇచ్చారు. ఇప్పుడు స్టారు ఉన్న సినిమాలో విలన్‌కు కండలిస్తారు, తుపాకులిస్తారు, మాటలు మాత్రం ఇవ్వరు.

ఈ నాలుగింటిలో ఏది చూడాలంటే, 1973ది తప్పకుండా. తెలుగుది సత్యనారాయణ కోసం. తమిళం వచ్చినవాళ్లు ఎంజీఆర్‌ది సరదాకు చూడవచ్చు. 2013ది చూసి తీరాలనుకుంటే తెలుగులోనే చూడండి. శ్రీహరి ఉన్న సన్నివేశాలు చూసి మిగతాది ముందుకు జరిపినా కథ అర్థమవుతుంది.