క్లాసులో ఆస్తమా ఎంతమందికి? చేతులెత్తమంటే తేలని లెక్క

[దృశ్యం: హన్మకొండలో ఒక స్కూల్ గ్రౌండ్, పొద్దున ప్రార్థన]

ఎనిమిదో తరగతి రెండు సెక్షన్లు కలిపి వంద మంది పిల్లలనుకోండి. "మీలో ఆస్తమా ఎవరికుంది?" అంటే ఒక్క చెయ్యి లేవడమే ఎక్కువ. అదే ఇంకోలా అడిగి చూడండి. "పోయిన 12 నెలల్లో ఊపిరి తీస్తుంటే ఛాతీలో పిల్లికూతలు వచ్చాయా? జలుబు లేకున్నా రాత్రి పొడి దగ్గు వచ్చిందా?" ఇప్పుడు చేతులు ఒక్కొక్కటే లేస్తాయి.

[తెర మీద: 1991, ఐజాక్]

1991లో మొదలైన ఐజాక్ అనే అంతర్జాతీయ సర్వే ఇలాగే లక్షణాలు అడిగి లెక్క తీసింది. 6–7 ఏళ్ల వాళ్లను, 13–14 ఏళ్ల వాళ్లను ఎంచుకుంది. ఆ తర్వాత గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ మన దేశంలో తొమ్మిది చోట్ల చూస్తే, 13–14 ఏళ్ల పిల్లల్లో ఆస్తమా మూడున్నర శాతం పైచిలుకు. అలర్జీ జలుబు మాత్రం దాదాపు నలుగురిలో ఒకరికి! ఆ తొమ్మిదింటిలో తెలంగాణ ఊరు ఒక్కటీ లేదు. ఇంకో సంగతి, పిల్లికూతలు వస్తున్న వాళ్లలో ఎక్కువ మందికి అది ఆస్తమా అని ఏ డాక్టరూ చెప్పలేదు.

మన ఇళ్లల్లోనూ అంతే కదా. "సర్ది చేసింది, ఐస్‌క్రీం తిన్నడు" అని నెలనెలా దగ్గు సిరప్ తెస్తాం.

[క్లోజప్: ముక్కు రుద్దుకుంటున్న పాప]

ఈ పాపను చూడండి. అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి రుద్దుకుంటోంది. రోజూ ఇదే పనైతే ముక్కు మీద సన్నగా అడ్డగీత పడుతుంది. అలర్జీకి అదో గుర్తు. టీచర్లూ, కొంచెం గమనించండి.

ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు దిగుతుంటే ఎవరికైనా దగ్గొస్తుంది. అది ఘాటు, అలర్జీ కాదు. కానీ ఆస్తమా ఉన్న పిల్లల శ్వాసనాళాలు ముందే వాచి ఉంటాయి కాబట్టి అదే ఘాటుకు బిగుసుకుపోతాయి, దమ్ము ఎత్తుకుంటుంది. అసలు అలర్జీ తెచ్చేవాటిలో ముఖ్యమైనది డస్ట్ మైట్ అనే, కంటికి కనిపించని దుమ్ము పురుగు. అది ఉండేది మన బొంతల్లో, దిండ్లలో. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతకండి.

[దృశ్యం: టేబుల్ మీద సిరప్ సీసా, ఇన్హేలర్]

"ఇన్హేలర్ అలవాటైపోతుంది" అని భయపడతాం. లెక్క చూడండి. దమ్ముకు ఇచ్చే సాల్బుటమాల్ అనే మందు సిరప్ 5 మిల్లీలీటర్లలో మందు 2 మిల్లీగ్రాములు. ఇన్హేలర్ ఒక్క పఫ్‌లో 100 మైక్రోగ్రాములు. అంటే ఒక చెంచా సిరప్‌లో 20 పఫ్‌ల మందుంది, అదీ ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. ఇంతకీ సాల్బుటమాల్ అప్పటికప్పుడు ఉపశమనానికే. వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్హేలర్ డాక్టర్ రాస్తే, దమ్ము లేని రోజుల్లోనూ వాడాల్సిందే.

మృగశిర కార్తెకు నాంపల్లి వెళ్లి చేప మందు వేసుకునేవాళ్లున్నారు. అది పనిచేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. వెళ్లినా ఇన్హేలర్ మాత్రం ఆపకండి.

ఆస్తమా ఉన్న పిల్లల బ్యాగులో ఇన్హేలర్, దానికి తగిలించే గొట్టం (స్పేసర్) ఉండాలి, ఆ సంగతి పీఈటీ సార్‌కు తెలియాలి. దమ్మొస్తే పడుకోబెట్టొద్దు, నిటారుగా కూర్చోబెట్టి డాక్టర్ చెప్పినట్టు పఫ్‌లు ఇవ్వండి. ఒక్క వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి, అది వచ్చేదాకా పఫ్‌లు ఆపొద్దు.